రోహిణి కార్తెలో పొట్టరసం సేకరణ: సిలియేట్లు కొలిచేవాళ్లకు జాగ్రత్తలు

ఒంగోలు గిత్త, నెల్లూరు గొర్రె పొట్టలోని సిలియేట్ల (ఒంటిమీద నూగులాంటి సన్నని కేశాలున్న ఏకకణజీవుల) మీద ఎండాకాలం ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్లకు మైక్రోస్కోపు దగ్గరే దిగులు. పని చెడేది మాత్రం ఎక్కువగా దారిలోనే.

వీటికి అలవాటైన వేడి సుమారు 39 డిగ్రీలు. రసం చల్లారకుండా చూడమని పుస్తకాలు చెబుతాయి. మన దగ్గర మే నెలలో బండి డిక్కీలో పెట్టిన సీసా అంతకు మించి కాగుతుంది, అదీ భయమే. గోరువెచ్చని నీళ్లతో థర్మాస్‌ను ముందే వెచ్చబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గాలి మిగలకుండా రసం నింపండి. లోపల పులియడం ఆగదు, గ్యాస్ పుడుతూనే ఉంటుంది కాబట్టి మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టి మెల్లగా తిప్పండి.

కబేళాకు తెల్లారేసరికే వెళ్లండి, గ్లౌజులు తప్పనిసరి. బతికున్న పశువుకు గొట్టం వేసే పని పశువైద్యుడిదే. ఎందుకు చచ్చిందో తెలియని పశువు పొట్ట కోయనే వద్దు, దొమ్మ రోగమైతే (ఆంత్రాక్స్) ప్రాణం మీదికొస్తుంది. రూమెన్ (నెమరేసే పశువు పొట్టలో మొదటి గది) సిలియేట్లు మనుషులకు అంటవు. పందిపేగులోని బాలంటిడియం అనే సిలియేట్ మాత్రం అంటుతుంది.

కొంత రసాన్ని అక్కడే ఫిక్స్ చేయాలి, అంటే జీవులు చెడిపోకుండా మందులో నిలవబెట్టాలి. ఆ మందు పాళ్లు ఇవి: ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., ఉప్పు 8 గ్రాములు, మిథైల్ గ్రీన్ 0.6 గ్రాములు. ఒక పాలు రసానికి నాలుగు పాళ్లకు తగ్గకుండా పోయండి. దీన్ని మాత్రం తాగునీళ్ల సీసాలో తీసుకెళ్లకండి. ఆ ఎండకు దాహమేసినవాడు రంగు చూసుకుంటూ కూర్చోడు.

ఇక జాతి గుర్తుపట్టడం: జీవికి ఒంటినిండా నూగు ఉంటే ఐసోట్రైకా, డాసీట్రైకా. నోటి దగ్గర మాత్రమే ఉంటే ఎంటోడినియం కావచ్చు. ఎపిడినియం అనే మరో సిలియేట్‌లో ఉండే అస్థిఫలకం (ఒంటికి ఊతమిచ్చే పలక, ఎముక కాదు) ఎంటోడినియంలో ఉండదు, లూగాల్ అయోడిన్ వేస్తే ఆ తేడా తేలుతుంది.

కొలత దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) లోని స్కేలు గీతకు సొంత విలువంటూ లేదు. స్టేజి మైక్రోమీటరులో (కచ్చితమైన కొలత గీతలున్న స్లైడు) ఒక గడి 10 మైక్రాన్లు. 40ఎక్స్ ఆబ్జెక్టివ్ లెన్సులో ఐపీస్ 40 గీతలు అక్కడి 10 గడులకు సరిపోయాయనుకుందాం, అప్పుడు గీతకు 2.5 మైక్రాన్లు. లెన్సు మార్చారా, మళ్లీ చూసుకోవాల్సిందే. కవర్‌స్లిప్ నొక్కితే జీవి చపటై వెడల్పు పెరుగుతుంది, అంచులకు సన్నగా వాసెలిన్ రాయండి. వాలుగా పడుకున్నదాన్ని కొలవొద్దు. తోకముల్లును పొడవులో కలపకుండా విడిగా రాసుకోండి. ఒకే జాతిలోనూ అది పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు.