విండోస్ నుంచి లినక్స్‌కి మారాక భద్రత గురించి టెన్షనా? లక్షణం, కారణం, పరిష్కారం

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బాగా పనిచేస్తున్న కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదని తేలడంతో చాలామంది ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా లాంటి డిస్ట్రోలకి (లినక్స్‌లోని రకాలకి) మారారు. మారిన కొత్తలో వచ్చే భయాల్లో చాలావరకు ఉత్తవే. నిజంగా పట్టించుకోవాల్సినవి మాత్రం తెరమీద ఏ హెచ్చరికా చూపించవు. అందుకే రెండు రకాలూ కలిపి రాస్తున్నాను.

యాంటీవైరస్ ఎక్కడా కనిపించడం లేదు

కారణం: ఇక్కడ సాఫ్ట్‌వేర్ వచ్చే దారే వేరు. విండోస్‌లో ఏదైనా ప్రోగ్రామ్ కావాలంటే ఏదో సైట్ వెతికి, ఫైల్ దించుకుని, డబుల్ క్లిక్ చేయడం అలవాటు. ఆ ఫైల్‌లో ఏముందో చూసేందుకు ఒక కాపలా ఉండి తీరాలి. లినక్స్‌లో చాలావరకు ప్రోగ్రాములు మీ డిస్ట్రో వాళ్లు నడిపే రిపాజిటరీ (ప్రోగ్రాముల నిల్వ) నుంచే వస్తాయి. వాటిమీద డిజిటల్ సంతకం ఉంటుంది. మధ్యలో ఎవరైనా వేలు పెడితే సంతకం సరిపోదు, ఇన్‌స్టాల్ ఆగిపోతుంది.

చేయాల్సింది: కంగారుపడి ఏదో ఒక యాంటీవైరస్ ఎక్కించకండి. విండోస్ వాడేవాళ్లకి తరచూ ఫైళ్లు పంపుతుంటే క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ పెట్టుకోవచ్చు, ఉచితం, రిపాజిటరీలోనే దొరుకుతుంది. పాత డ్రైవ్‌ను దానితో స్కాన్ చేస్తే 'విన్' అని మొదలయ్యే పేర్లు కొన్ని బయటపడవచ్చు. అవి విండోస్ మీద నడిచేవి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ లాంటిది పెట్టుకుని మీరే నడిపితే తప్ప లినక్స్‌లో కదలవు. ఆ ఫైళ్లు తీసేసి మీ పని మీరు చూసుకోండి.

మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతోంది, టైప్ చేస్తే అక్షరాలు పడటం లేదు

సిస్టమ్‌లో మార్పు చేసే ప్రతి పనికీ అనుమతి కావాలి, అందుకే అడుగుతుంది. టెర్మినల్‌లో (కమాండ్‌లు టైప్ చేసే కిటికీలో) ఏమీ కనిపించకపోవడం కూడా మామూలే. పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో పక్కన నిలబడ్డవాళ్లకి తెలియకూడదని అలా పెట్టారు. మింట్ లాంటి కొన్నిట్లో అయితే నక్షత్రం గుర్తులు కనిపిస్తాయి. టైప్ చేసి ఎంటర్ నొక్కండి, సరిపోతుంది.

విసుగొచ్చి పాస్‌వర్డ్ అడగకుండా సెట్ చేసుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు ఏదో ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడిగితే ఇవ్వండి. ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు అడిగితే క్యాన్సిల్ కొట్టి, ఏ ప్రోగ్రామ్ అడిగిందో చూడండి. చాలాసార్లు అది అప్‌డేట్ మేనేజరే అయి ఉంటుంది.

క్రోమ్ తెరవగానే 'కీరింగ్' పాస్‌వర్డ్ అంటోంది

కారణం: మీరు ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నారు. బ్రౌజర్ దాచిన పాస్‌వర్డ్‌లకు తాళం వేసే కీరింగ్, మీరు లాగిన్ అయ్యేటప్పుడు ఇచ్చే పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. లాగిన్‌లో పాస్‌వర్డ్ ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు అడుగుతోంది. ఆటోమేటిక్ లాగిన్ తీసేస్తే ఈ గొడవ పోతుంది. కీరింగ్‌కి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టమనే సలహా కూడా కనిపిస్తుంది. అలా చేస్తే దాచిన పాస్‌వర్డ్‌లకు తాళం లేనట్టే.

ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంది

కారణం: ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది కానీ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఫెడోరాలో ఫైర్‌వాల్‌డీ మొదటి నుంచే నడుస్తుంది. మామూలు డెస్క్‌టాప్‌లో బయటి కనెక్షన్ల కోసం ఎదురుచూసే సర్వీసులు చాలా తక్కువ కాబట్టి ఉబుంటు వాళ్లు అలా వదిలేశారు. ఇంట్లో రౌటర్ వెనక ఉన్నప్పుడు పెద్ద ప్రమాదం లేదు. పబ్లిక్ వైఫై వాడతారంటే మాత్రం ఆన్ చేయండి. టెర్మినల్‌లో 'sudo ufw enable' (సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్) కమాండ్ ఇస్తే చాలు. సుడో అంటే ఆ పనిని అడ్మిన్ అధికారంతో చేయమని. టెర్మినల్ వద్దనుకుంటే జీయూఎఫ్‌డబ్ల్యూ అనే, మౌస్‌తో నడిపే ప్రోగ్రామ్‌లో ఒక్క స్విచ్ నొక్కితే అదే పని అవుతుంది.

ఆన్ చేశాక లాగ్ తెరిచి చూసినవాళ్లకి అసలు టెన్షన్ మొదలవుతుంది. 'యూఎఫ్‌డబ్ల్యూ బ్లాక్' అన్న లైన్లు వరసగా వచ్చిపడుతుంటాయి. ఎవరో దాడి చేస్తున్నారనిపిస్తుంది. ఒక లైన్ తీసుకుని నిదానంగా చదవండి. పంపినది 192.168.1.1, అందుకోవాల్సినది 224.0.0.1, ప్రోటోకాల్ 2 అని ఉందనుకోండి. మొదటి నంబర్ మీ రౌటర్‌దే. రెండోది నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలన్నిటినీ ఒకేసారి పలకరించే అడ్రస్. ప్రోటోకాల్ 2 అంటే ఐజీఎంపీ. మల్టీకాస్ట్ గుంపుల్లో (ఒకే డేటాను కలిసి అందుకునే పరికరాల గుంపుల్లో) ఎవరెవరున్నారని రౌటర్ కొంత సమయానికోసారి అడుగుతోంది, ఫైర్‌వాల్ ఆ ప్రశ్నను పక్కన పడేస్తోంది. అంతే. 192.168తో మొదలయ్యేవి మీ ఇంటి నెట్‌వర్క్‌లోని అడ్రస్‌లు. అక్కడ మీకు తెలియని పరికరం కనిపిస్తే వైఫై పాస్‌వర్డ్ మార్చండి.

రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి 'మోక్ మేనేజ్‌మెంట్' అంటోంది

ఇది వైరస్ కాదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్నవాటినే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉండగా ఎన్విడియా డ్రైవర్ లాంటిది ఎక్కించినప్పుడు, దాని సంతకాన్ని నమ్మమంటారా అని అడిగే తెర. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని, ఇన్‌స్టాల్ సమయంలో మీరు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వండి. చూస్తూ ఊరుకుంటే కొద్ది సెకన్లలో ఆ తెర వెళ్లిపోతుంది, డ్రైవర్ మాత్రం పనిచేయదు. మీరు ఏ డ్రైవరూ ఎక్కించకుండానే ఇది వస్తే ఒప్పుకోకండి.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే నా ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి

భయపడితే దీనికి భయపడాలి. లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా అన్న ధీమాతో ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు ఎందరో.

కారణం: ఫైళ్ల అనుమతులను అమలు చేసేది నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమే. వేరే సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే మీ పాస్‌వర్డ్‌ను అడిగేవాళ్లే ఉండరు. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డిస్క్‌లోది చదవలేకుండా చేసే తాళం) మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని సాధారణంగా మీరే ఎంచుకోవాలి. గబగబా 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోతే అది లేకుండానే ఇన్‌స్టాల్ అయిపోతుంది.

చేయాల్సింది: ఉన్న ఇన్‌స్టాలేషన్‌కి తర్వాత ఎన్‌క్రిప్షన్ జోడించడం రిస్కుతో కూడిన పని. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, డిస్క్ ఎన్‌క్రిప్షన్‌కి టిక్ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మేలు. ఇది లినక్స్‌లో వాడే లక్స్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో జరుగుతుంది. పాస్‌ఫ్రేజ్ మర్చిపోతే ఎవరూ తెరవలేరు, కాబట్టి కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌కి దూరంగా దాచండి. అంతవరకు ముఖ్యమైన పత్రాలను వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక తాళం ఉన్న ఫైల్‌లో పెట్టుకోండి.

విండోస్, లినక్స్ రెండూ ఒకే డిస్క్‌లో ఉంచుకున్నవాళ్లకి దీనికి తిరగేసిన సమస్య వస్తుంది. విండోస్ తెరవబోతే దాని డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బూట్ అయ్యే వరస మారడంతో, తాళం దాచి ఉంచే టీపీఎం చిప్ దాన్ని ఇవ్వడానికి ఒప్పుకోలేదన్నమాట. ఎవరూ హ్యాక్ చేయలేదు. ఆ కీ తరచుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. లినక్స్ ఎక్కించడానికి ముందే దాన్ని రాసి పెట్టుకోండి.

విండోస్ పోయింది, కానీ అదే చెత్త మళ్లీ వచ్చింది

సెర్చ్ చేస్తే ఏదో తెలియని పేజీకి పోతుంది. లేదా తెర మూలన 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి' అని మెసేజ్‌లు వస్తుంటాయి. లినక్స్‌కి కూడా వైరస్ పట్టిందని చాలామంది హడలిపోతారు.

కారణం: ఆ మెసేజ్‌ను దగ్గరగా చూడండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వెబ్‌సైట్ పేరు ఉంటుంది. ఎప్పుడో ఒక సైట్ నోటిఫికేషన్‌లకు అనుమతి అడిగితే మీరు 'అలౌ' నొక్కారు. సెర్చ్ దారి తప్పడానికి తరచుగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కారణం. మీరు కొత్త సిస్టమ్‌లో బ్రౌజర్‌లోకి లాగిన్ అవగానే సింక్ మీ బుక్‌మార్క్‌లతో పాటు పాత ఎక్స్‌టెన్షన్లనీ తెచ్చి పెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా మీరు రోజంతా గడిపేది అదే బ్రౌజర్‌లో.

చేయాల్సింది: సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్లన్నీ తీసేయండి. ఎక్స్‌టెన్షన్లలో మీకు గుర్తులేనివి తొలగించండి. 'అన్ని సైట్లలో డేటా చదవడం, మార్చడం' అనుమతి ఉన్నదేదైనా అనుమానంగా అనిపిస్తే, దాన్ని తీసేశాక ఈమెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు కూడా మార్చండి.

ఎవరో ఇచ్చిన కమాండ్ పేస్ట్ చేశాను, ఇప్పుడు భయంగా ఉంది

రిపాజిటరీ సురక్షితమే కానీ, దాన్ని దాటి మనమే బయటి నుంచి తెచ్చుకుంటే సంతకాల కాపలా పనిచేయదు. ఆర్చ్ లినక్స్ అనే డిస్ట్రో వాడేవాళ్లు నడుపుకునే ఏయూఆర్ అనే ప్యాకేజీల నిల్వలో 2025 జూలైలో ఫైర్‌ఫాక్స్, లిబ్రేవుల్ఫ్, జెన్ బ్రౌజర్ల పేర్లు కలిపి పెట్టిన దొంగ ప్యాకేజీలు దొరికాయి. వాటిలో కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే మాల్‌వేర్ ఉంది. పేరు చూసి నమ్మకూడదు.

కమాండ్‌ను ముందు టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేసి చదవండి. పేజీలో కనిపించేది ఒకటి, కాపీ అయ్యేది మరొకటి అయ్యే అవకాశం ఉంది. ఎక్కడినుంచో ఒక స్క్రిప్ట్ దించి నేరుగా సుడోతో నడిపే రకమైతే, దాన్ని చదివి అర్థం చేసుకోలేనప్పుడు వదిలేయడమే మంచిది. అదే ప్రోగ్రామ్ మీ డిస్ట్రో సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో ఉందేమో వెతకండి. చాలాసార్లు ఉంటుంది.

అప్‌డేట్ల ద్వారానే ఏదైనా వస్తే?

న్యాయమైన అనుమానమే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రామ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి వచ్చే దారి) బయటపడింది. రిమోట్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వి తీశాడు. అది చేరింది ప్రధానంగా పరీక్ష దశలో ఉన్న వెర్షన్లలోకి. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) లాంటి వాటిలోకి రాలేదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు స్టేబుల్ లేదా ఎల్‌టీఎస్ వెర్షనే వాడండి. ఉబుంటులో మధ్య మధ్య వచ్చే వెర్షన్లకు 9 నెలలే సపోర్ట్. ఆ తర్వాత భద్రత అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆ సంగతి మర్చిపోయి అలాగే వాడేవాళ్లు ఉన్నారు.

రీస్టార్ట్ అడగడం లేదంటే అప్‌డేట్లు రావడం లేదని కాదు. కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) మారినప్పుడు మాత్రం రీస్టార్ట్ చేస్తేనే కొత్తది పనిలోకి వస్తుంది.

నిజంగానే ఎవరో చొరబడ్డారనిపిస్తోంది

మీరు చేయని లాగిన్‌కి హెచ్చరికలు వస్తున్నాయి, లేదా ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా ప్రాసెసర్ గంటల తరబడి పూర్తిగా వాడకంలో ఉంది. అప్పుడు నెట్ తీసేసి, వేరే కంప్యూటర్ లేదా ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, ఈమెయిల్‌తో మొదలుపెట్టండి. శుభ్రం చేయాలని చూడకుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. బ్యాకప్ నుంచి పత్రాలు, ఫొటోలే తెచ్చుకోండి, ప్రోగ్రాములూ స్క్రిప్ట్‌లూ వద్దు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి కావాల్సిన ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఉండే ఫైల్) అధికారిక సైట్ నుంచే దించినా, చెక్‌సమ్‌తో (ఫైల్ మారిందో లేదో చెప్పే అంకెలు, అక్షరాల వరసతో) పాటు దాని సంతకాన్ని కూడా సరిచూడండి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, 17.3 సిన్నమన్ అనే వెర్షన్ లింక్‌ను బ్యాక్‌డోర్ ఉన్న ఐఎస్ఓ వైపు తిప్పారు. చెక్‌సమ్ కూడా అదే పేజీలో ఉంటే దొంగలు దాన్నీ మార్చగలరు. సంతకాన్ని మార్చాలంటే మాత్రం డెవలపర్ల రహస్య కీ వాళ్ల చేతిలో ఉండాలి. సరిచూసే పద్ధతి మింట్, ఉబుంటు, ఫెడోరా డౌన్‌లోడ్ పేజీల్లోనే వివరంగా ఉంటుంది, పది నిమిషాల పని.