కెన్యాలో పరిచర్యకు వెళ్ళి ఒకరింట్లో ఉండబోయే వాళ్ళకు

పశ్చిమ కెన్యాలో కిసుము, కకమెగా, బుంగోమా చుట్టుపక్కల పల్లె సంఘాలకు సండే స్కూలు పనికో, యవనస్థుల కూటాలకో, బడిలో సాయానికో రెండు మూడు నెలలు వెళ్ళే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళ కోసం ఇది రాస్తున్నాం. 1870ల్లో మన వైపు వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు భీమిలిలో, బొబ్బిలిలో, వాళ్ళు చికాకోల్ అని రాసుకున్న శ్రీకాకుళంలో బంగ్లాలు కట్టుకుని ఉన్నారు. మీకు బంగ్లా ఉండదు. సంఘం వాళ్ళు మిమ్మల్ని ఒక విశ్వాసి ఇంట్లో పెడతారు. వాళ్ళ పొయ్యి మీద వండిందే తినాలి, వాళ్ళు మోసుకొచ్చిన నీళ్ళే వాడాలి. ఇలాంటి చోట పేచీలు వాక్యం దగ్గర రావు. నీళ్ళ దగ్గర, డబ్బు దగ్గర, చీకటి పడ్డాక ఇంటికి రావడం దగ్గర వస్తాయి. అందుకే ఇందులో ప్రసంగాల గురించి తక్కువ, బకెట్ల గురించి ఎక్కువ ఉంటుంది.

బయల్దేరే ముందు

మొదట అనుమతి సంగతి. 2024 జనవరి నుంచి కెన్యా వెళ్ళేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, తీసుకోవాలి. పర్యాటకుడినని రాసి ఈటీఏ తీసుకుని, అక్కడ నెలల తరబడి పరిచర్య చేయడం కుదరదు. మతపరమైన, ధార్మిక పనులకు క్లాస్ 'ఐ' అనే పర్మిట్ వేరుగా ఉంది. తక్కువ కాలానికి స్పెషల్ పాస్ అనేది ఉంది. కాగితాలు మిమ్మల్ని పిలిచే సంఘం వైపు నుంచే కదలాలి కాబట్టి టికెట్ కొనకముందే వాళ్ళను అడగండి. 'టూరిస్టుగా వచ్చేయండి, ఏం కాదు' అని ఎవరైనా అంటే ఆ ప్రయాణం ఆపుకోండి. దొరికితే ఇబ్బంది మీకొక్కరికే కాదు, చోటిచ్చిన కుటుంబానికి కూడా. 2023లో షకహోలా అడవిలో ఉపవాసం పేరుతో వందల మంది చనిపోయాక, కొత్తగా వచ్చిన బోధకుల మీద అధికారులకూ జనానికీ అనుమానం పెరిగింది. రోగులకు ప్రార్థన చేయండి గానీ 'మందులు మానేయి' అనే మాట మీ నోట రాకూడదు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆఫీసు వాళ్ళు వేస్తారు, ముందుగా రోజు కనుక్కుని వెళ్ళండి. ఒకసారి వేయించుకుంటే ఆ పసుపు రంగు కార్డు జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్ళు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి.

మలేరియా విషయంలో మన వాళ్ళకు ఒక ధీమా ఉంటుంది. ఏజెన్సీలో తిరిగాం, మాకేం కాదు అనుకుంటారు. ఇక్కడ ఎప్పుడో వచ్చిన జ్వరం అక్కడ కాపాడదు. విక్టోరియా సరస్సు చుట్టూ ఉన్నది ఎక్కువగా ఫాల్సిపారం, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం. డాక్టరు సలహాతో మందు ముందే మొదలుపెట్టాలి. డాక్సీసైక్లిన్ అయితే రోజుకు 100 మి.గ్రా. బిళ్ళ ఒకటి, చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్ళూ, తిరిగి వచ్చాక మరో 4 వారాలూ వేసుకోవాలి. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, మింగగానే పడుకోకూడదు. లేకపోతే గుండెల్లో మంట పట్టుకుంటుంది. గర్భిణులకు ఈ మందు పనికిరాదు. మందు వాడుతున్నా దోమతెర కట్టుకోవాల్సిందే. జ్వరం వస్తే 24 గంటల్లోపు రక్తపరీక్ష చేయించుకోవాలి, పారాసిటమాల్ వేసుకుని చూద్దాం అనుకోకూడదు.

ఇంగ్లీషు పొడి పొడి వాక్యాల్లో మాట్లాడటం, ఒకరి ఇంట్లో ఒదిగి ఉండటం ముందే అలవాటు చేసుకోవాలి. మీ అయ్యగారితో చెప్పించుకుని సీతంపేట వైపు ఏ సవర గూడెంలోనో ఒక సంఘ కుటుంబం దగ్గర పది రోజులు ఉండి రండి. సొంత బండి తీసుకెళ్ళొద్దు. ఈ పది రోజుల్లో విసుక్కున్నవాళ్ళు అక్కడ మూడు నెలలు ఉండలేరు. ఆ సంగతి ఇక్కడే తెలిసిపోతే మంచిది.

పెట్టెలో ఏం పెట్టాలి

2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. బట్టలు, చెప్పులు కవర్లలో చుట్టి తీసుకెళ్ళే మన అలవాటు అక్కడ చెల్లదు, గుడ్డ సంచులు వాడండి. ప్లగ్గు అక్కడ మూడు పలక పిన్నుల రకం, అడాప్టరు కావాలి. వోల్టేజి మన లాంటిదే. కరెంటు పోతుంది కాబట్టి తలకు కట్టుకునే టార్చి ఒకటి. చెంబు ఒకటి తప్పకుండా పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాం. రూపాయలు ఆ పల్లెల్లో మార్చుకోవడం కష్టం. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లు తీసుకెళ్ళండి, బాగా పాతవి, చిరిగినవి తీసుకోరు, చిన్న నోట్లకు రేటు తక్కువ ఇస్తారు.

ఆ ఇంటికి కానుకగా పలాస జీడిపప్పు, వేయించి సీలు వేసినది, పావు కిలో ప్యాకెట్లు నాలుగు. ఇంటావిడకు పొందూరు ఖద్దరు తుండో, చిన్న కండువానో. ఫోన్లు, వాచీలు వద్దు. మొదటిరోజు ఇచ్చిన ఖరీదైన వస్తువు రెండో వారానికి పక్కింటి అలకగా మారుతుంది. ఆవకాయ అరకిలో చాలు, మూత చుట్టూ టేపు వేసి, చేతి సంచిలో కాకుండా లగేజీలో పెట్టండి.

ఇంట్లో అడుగుపెట్టాక

గుమ్మం దగ్గర ఆగి 'హోడి' అనాలి. లోపలి నుంచి 'కరిబు' అన్నాకే అడుగు వేయాలి. పెద్దలకు కుడిచేయి ఇస్తూ ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని పట్టుకుంటే అది మర్యాద. ఇంటావిడను పేరుతో పిలవకండి. పెద్ద బిడ్డ పేరు చేర్చి 'మామా ఫలానా' అని, ఆయన్ను 'బాబా ఫలానా' అని పిలుస్తారు. 'ఫలానా వాళ్ళ అమ్మ' అని పిలిచే మన పల్లెల వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. విశ్వాసులు ఎదురైతే 'బ్వానా అసిఫివే' అంటారు, 'ఆమెన్' అనాలి. మనం సరే అనడానికి తల అటూ ఇటూ ఊపుతాం కదా, అది వాళ్ళకు వద్దు అన్నట్టు కనిపిస్తుంది. నోటితో చెప్పండి.

నీళ్ళు 20 లీటర్ల జెర్రీ క్యాన్లలో బోరు నుంచో ఊట నుంచో వస్తాయి. మోసేది ఎక్కువగా ఆడపిల్లలే. స్నానానికి 8, 10 లీటర్లు మించొద్దు. రోజుకు రెండుసార్లు స్నానం మన అలవాటు కాబట్టి రెండోది తడిగుడ్డతో కానివ్వండి, లేదా ఒక క్యాను మీరే మోసుకురండి. మొదటి వారం 'అతిథులు మోయకూడదు' అని ఆపుతారు, అయినా క్యాను వదలకండి. తాగే నీళ్ళు గలగలా మరిగి ఒక నిమిషం ఆగాకే దించాలి. విక్టోరియా సరస్సులో, దాన్ని ఆనుకున్న చెరువుల్లో దిగొద్దు. నాగావళి, వంశధారల్లో మునిగి పెరిగిన వాళ్ళకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి. ఆ నీళ్ళలో బిల్హార్జియా పురుగు ఉంటుంది, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది.

మరుగుదొడ్డి చాలాచోట్ల గొయ్యి రకం. కాగితం ఉంటుంది, నీళ్ళు ఉండవు. అందుకే చెంబు. కానీ బకెట్లకు బకెట్లు పోయకండి. గొయ్యి తొందరగా నిండుతుంది, మట్టి గోడలు నానితే కూలుతుంది. చెంబుడు చాలు. ప్యాడ్లు అందులో వేయకూడదు, ఎక్కడ కాల్చాలో ఇంటావిడను మొదటిరోజే అడగండి.

లోబట్టలు ఎవరివి వాళ్ళే ఉతుక్కోవాలి, పనిపిల్లకు వేయడం అక్కడ చాలా తప్పు. బయట ఆరేసిన తడిబట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట కట్టుకుంటే పిల్లపురుగు చర్మంలోకి దిగి గడ్డలా లేస్తుంది. ఎండిన ప్రతి బట్టనూ, ముఖ్యంగా నడుము పట్టీలు, కుట్లు, లోపలి వైపు కూడా బాగా వేడిగా ఇస్త్రీ చేయాలి. చాలా ఇళ్ళలో బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉంటుంది. బొగ్గు బాగా రాజుకుని తెల్ల బూడిద పట్టాక మూత వేసి, ఒకసారి బయట విదిలించి, తడిగుడ్డ మీద రుద్ది చూసి అప్పుడు బట్ట మీద పెట్టాలి. లేకపోతే తెల్ల చొక్కా మీద నల్ల చుక్కలు పడతాయి. మట్టి నేల మీద ఒట్టికాళ్ళతో తిరగకండి, కాలివేళ్ళలో దూరే పురుగు ఉంది, దాన్ని ఫుంజా అంటారు.

తిండి

రాత్రి భోజనం ఎక్కువగా ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద. దానితో సుకుమ వికి అనే ఆకుకూర, ఎప్పుడైనా చేపో కోడో. ఇంట్లో ముందే వండి చూడండి. లీటరు నీళ్ళు మరిగాక అర కిలో పిండి కొంచెం కొంచెంగా పోస్తూ చెక్క తెడ్డుతో అంచులకేసి నొక్కి కలపాలి. 10, 15 నిమిషాలకు ముద్ద గిన్నె వదులుతుంది. పిండి ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది, తొందరపడి దించితే పచ్చి వాసన వస్తుంది. తినడం కుడిచేత్తోనే, ముద్ద చుట్టి బొటనవేలితో గుంట చేసి అందులో కూర తీసుకుంటారు. పొద్దున ఉజి ఇస్తారు, చాలాచోట్ల చోడిపిండితోనే. మన అంబలి తాగినవాళ్ళకు అది పరాయిగా ఉండదు, చక్కెర ఒక్కటే ఎక్కువ.

వంటలో కారం ఉండదు. తెచ్చుకున్న కారప్పొడి ఇంటావిడ చూస్తుండగా కూర రుచి కూడా చూడకుండా చల్లుకుంటే వంటను తప్పుపట్టినట్టే. నాలుగు ముద్దలు తిన్నాక వేసుకోండి. మీకోసం విడిగా అన్నం వండమని అడగొద్దు. బియ్యం అక్కడ ఖర్చు ఎక్కువ, వాళ్ళు కాదనలేక అప్పు చేసి తెస్తారు. మాంసం తిననివాళ్ళు రాకముందే కబురు చేయాలి, కోడిని కోశాక చెప్పడం కాదు. కోడికూరలో కందనకాయ, ఆ ప్రాంతపు లుయా తెగ వాళ్ళ ఇళ్ళలో, ఇంటి పెద్దకు వెళ్తుంది, చేయి చాచొద్దు. పాల టీ కాదనకండి, అర కప్పయినా తాగండి.

డబ్బు

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. నైరోబీ వైపు రైలుమార్గం వేయడానికి 1896 నుంచి వేల మంది భారతీయులను కూలీలుగా తీసుకెళ్ళారు. తర్వాత అక్కడ దుకాణాలు పెట్టి నిలదొక్కుకున్న భారతీయులు చాలామంది. అందుకని మీ జీడితోట అర ఎకరమే అయినా సరే, అక్కడి కళ్ళకు మీరు షావుకారే. అప్పు అడుగుతారు, స్కూలు ఫీజు అడుగుతారు, హరంబీ అనే చందా సభలో మిమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి మైకులో మీ పేరు పిలుస్తారు.

బయల్దేరకముందే ఇక్కడి సంఘం, అక్కడి పాస్టరు గారు, ఆ కుటుంబం మూడు వైపులా ఒప్పుకున్న కాగితం ఒకటి ఉండాలి. వారానికి తిండికి ఎంత, ఎవరి చేతికి, ఏ రోజున. కట్టెలు, బొగ్గు, ఫోన్ చార్జింగుకు ఎంత. జబ్బు చేస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు. కుదరకపోతే ఎక్కడికి మారుస్తారు. డబ్బు ఎం-పెసాలో, అంటే అక్కడ ఫోన్ ద్వారా డబ్బు పంపే పద్ధతిలో, పంపితే లెక్క ఉంటుంది, సిమ్‌కు పాస్‌పోర్టు చూపాలి. ఇంటాయన చేతికి ఇస్తే వంటింటికి చేరదు అనే ఇళ్ళు ఉంటాయి, ఎవరికి ఇవ్వాలో పాస్టరమ్మగారిని అడిగితే నిజం తెలుస్తుంది. అప్పు అడిగినవాళ్ళకు ఒకటే జవాబు: 'మా సంఘం ఒప్పుకోదు, పాస్టరు గారితో మాట్లాడండి.' 'ఇండియా వెళ్ళాక పంపుతాను' అనే మాట మాత్రం మొహమాటానికి కూడా అనొద్దు. ఆ మాట మీద అక్కడ బిడ్డను బడిలో చేర్చేస్తారు.

సంఘంలో, వీధిలో

కెన్యాలో జనం ఎక్కువమంది క్రైస్తవులే, తరతరాల నుంచి. మీరు కొత్తగా సువార్త తెచ్చినట్టు మాట్లాడితే ముసలమ్మలు నవ్వుకుంటారు. ఆరాధన మూడు నాలుగు గంటలు. కొత్తవాళ్ళను లేపి వందనాలు చెప్పమంటారు, రెండు నిమిషాల సాక్ష్యం సిద్ధంగా పెట్టుకోండి. తర్జుమా ఉంటే అర గంట ప్రసంగంలో మీ భాగం పావుగంటే, ఒక వాక్యం చెప్పి ఆగాలి. ఆడవాళ్ళు పల్లె సంఘాలకు మోకాళ్ళు దాటిన లంగానో చీరో కట్టుకోవాలి.

స్వాహిలిలో గంటల లెక్క పొద్దున ఆరు నుంచి మొదలు. 'సా మోజా' అంటే ఏడు గంటలు, 'సా టాటు' అంటే తొమ్మిది. కూటం ఎన్నింటికో ఇంగ్లీషులో మరోసారి అడగండి, లేకపోతే ఆరు గంటలు తేడాపడుతుంది. ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్యలో చీకటి పడుతుంది. అప్పటికి ఇంట్లో ఉండాలి. ఆలస్యమైతే ఇంటాయన టార్చి పట్టుకుని వెతకడానికి బయల్దేరతాడు. ఒకసారి అయితే అభిమానం, మూడోసారి పాస్టరు గారికి ఫిర్యాదు.

పిల్లలతో తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు, ఏ కారణానికైనా. తల్లిదండ్రులను అడగకుండా ఫొటోలు తీయొద్దు. చిరిగిన చొక్కాల పిల్లల ఫొటోలు ఇక్కడి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు.

ఇంట్లో కుదరకపోతే, తాగుడో, చేయి చేసుకోవడమో, మీ గది వైపు ఎవరైనా రాత్రుళ్ళు రావడమో జరిగితే, సర్దుకుపోకండి. ప్రార్థన చేసుకుంటూ ఓర్చుకోమని ఎవరు చెప్పినా వినకండి. ఆ రోజే పాస్టరమ్మగారికి చెప్పి, ఇక్కడి అయ్యగారికి ఫోన్ చేసి, కాగితంలో రాసుకున్న రెండో ఇంటికి మారిపోండి. మిగతావాటికి, అంటే రేడియో మోత, కోళ్ళు గదిలోకి రావడం లాంటివాటికి, రెండు వారాలు ఆగి చూడండి.

తిరుగు ప్రయాణంలో ఎల్లో ఫీవర్ కార్డు పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో ఉండాలి, లగేజీలో కాదు. మన విమానాశ్రయంలో దిగగానే, పెట్టెలు చేతికి రాకముందే అడుగుతారు. చూపలేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇంటికొచ్చిన తర్వాత కొన్ని నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, కెన్యా వెళ్ళి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.