నాన్నగారి నమూనాలతో ఆయన సంస్మరణ పుస్తకం కూర్చడం

సంవత్సరీకాల నాటికి నాన్నగారి గురించి చిన్న సంస్మరణ పుస్తకం వేయదలచినవారు ఆయన పుట్టిన తేదీతో, ఉద్యోగ వివరాలతో కాక, ఆయన సరదాగా చేసిన విమానాలు, ఓడలు, రైళ్ల చిన్న నమూనాలున్న బీరువాతో మొదలుపెట్టడం మంచిది. ప్రతి నమూనాను కదిలించకముందే ఉన్నచోటనే ఫొటో తీసి, అది ఏ ఏడాది, ఇంట్లో ఏ సందర్భంలో తయారైందో అమ్మగారిని, మేనత్తలను అడిగి రాసుకోవాలి. "ఆ విమానాన్ని నీకు ఆటలమ్మ పోసినప్పుడు మంచం పక్కనే కూర్చుని అతికించారు" వంటి మాట ఒక్కటి దొరికితే, "కుటుంబమంటే ప్రాణం" అన్న అరిగిపోయిన వాక్యంతో పనే ఉండదు.

కొలత కూడా నమోదు చేయాలి. 1:72 నిష్పత్తిలో చేసిన విమానం మీద ఒక సెంటీమీటరు అసలు విమానంలో 72 సెంటీమీటర్లు. హెచ్‌ఓ అనే కొలతలో చేసిన నమూనా రైళ్లయితే నిష్పత్తి 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

దుమ్మును మెత్తని కుంచెతోనే దులపాలి. పురుగుల భయంతో కలరా ఉండలు మాత్రం వేయకూడదు, ఎందుకంటే వాటి ఆవిరికి, ఇలాంటి నమూనాలకు వాడే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మా ఇంట్లో ఒక ఓడ పైభాగం అలాగే పాడైంది, ఆ తప్పు నాదే.

సగంలో ఆగిన నమూనాను పూర్తి చేయాలని చాలామందికి అనిపిస్తుంది గాని, నా మటుకు దానిని, మూత బిగుసుకుపోయిన జిగురు సీసాతో సహా, అలాగే ఉంచి చివరి పేజీలో ఫొటో వేయడమే సబబు.