నచికేత: అబ్బాయికి అరుదైన పేరు పెట్టే ముందు అర్థం ఎలా తేల్చుకోవాలి?

మా చుట్టాల్లో ఎవరింట్లో బారసాల అనుకున్నా నాకు ఫోన్ వస్తుంది. "ఈ పేరుకు అర్థం ఏంటో కాస్త చూసి చెప్పు" అంటారు. నేను చూసి చెప్పేసరికి కార్డులు అచ్చయిపోయి ఉంటాయి. ఇక చెప్పి లాభమేంటి? అందుకే పద్ధతంతా ఒకచోట రాసేస్తున్నాను. ఉదాహరణకు ‘నచికేత’ తీసుకుందాం. చాలామంది విన్న పేరే, పెట్టుకున్నవాళ్లు మాత్రం తక్కువ.

కావాల్సినవి: కాగితం, పెన్ను, ఒక సంస్కృత నిఘంటువు. ఆప్టేది గానీ మోనియర్ విలియమ్స్‌ది గానీ సరిపోతుంది, రెండూ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అచ్చ తెలుగు మాటలైతే శబ్దరత్నాకరం చూడండి. పిల్లల పేర్ల యాప్ ఏదైనా ఉంటే ముందు దాన్ని ఫోన్లోంచి తీసేయండి.

1. పేరును తెలుగులో రాయండి

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో మొదలుపెట్టినవాళ్లే బోల్తా పడతారు. అందులో హ్రస్వమో దీర్ఘమో, మామూలు ద నో ఒత్తు ధ నో తెలియదు. ఒక బారసాలలో పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో ‘ద్రువ్’ అని రాసేస్తున్న తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాను. ధ్రువం అంటే కదలనిది. ఒత్తు పోతే మిగిలే ‘ద్రు’ అంటే చెట్టు. బియ్యం కాబట్టి చేత్తో చెరిపేసి మళ్లీ రాశాడు.

2. ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

నచికేతుడు కఠోపనిషత్తులోని కుర్రాడు. తండ్రి యజ్ఞం చేసి వట్టిపోయిన ఆవుల్ని దానమిస్తుంటే, "మరి నన్నెవరికిస్తావు?" అని విసిగించాడు. "యముడికిస్తా" అన్నాడాయన కోపంతో. వెళ్లాడు. యముడు ఇంట్లో లేకపోతే మూడు రాత్రులు పస్తుండి మూడు వరాలు సంపాదించాడు. తైత్తిరీయ బ్రాహ్మణంలోనూ ఈ కథ ఉంది. ఈ అడుగుకు ఇంతకన్నా టైమ్ పెట్టకండి.

3. పేరును విరవండి (జాగ్రత్త ఇక్కడే)

నచికేత అంటే ‘అగ్ని’ అని నెట్‌లో చాలాచోట్ల రాసి ఉంటుంది. ఇది తలకిందుల అర్థం. రెండో వరంగా నచికేతుడు స్వర్గానికి చేర్చే అగ్నిని గురించి అడిగాడు. విన్నది విన్నట్టు తిరిగి అప్పగిస్తే యముడు మురిసిపోయి, "ఇక ఈ అగ్నిని నీ పేరుతోనే పిలుస్తారు" అన్నాడు. అంటే పిల్లాడి పేరు అగ్నికి వచ్చింది, అగ్ని పేరు పిల్లాడికి రాలేదు. ఆ అగ్ని ‘నాచికేతం’, మొదట్లో దీర్ఘం ఉంటుంది. రఘువంశంవాడు రాఘవుడు, దశరథుడి కొడుకు దాశరథి అయినట్టే ఇదీ. ఒక్క దీర్ఘం చూసుకోకపోతే ఇంత తేడా.

మరి అసలు అర్థం? ‘న’ అంటే కాదు, లేదు. ‘చికేత’ అంటే ఎరిగాడు, గుర్తించాడు. కలిపితే ‘ఎరగనివాడు’. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల మొహాలు మాడిపోతాయి. తెలియనివాడని పేరు పెట్టుకుంటామా అని. తెలియదు కాబట్టే కదా అడిగాడు! చనిపోయాక మనిషి ఉంటాడా లేడా అన్నది మూడో వరం. ఏనుగులిస్తా, గుర్రాలిస్తా, బంగారమిస్తా, నీకెంత కాలం కావాలంటే అంత ఆయుష్షిస్తా, ఆ ఒక్కటీ అడక్కు అని యముడు బతిమాలినా వదల్లేదు. నాకైతే ‘తేజస్సు గలవాడు’ లాంటి ఏ పేరుకైనా అతికే అర్థాలకన్నా ఇదే నచ్చుతుంది.

ఇంకో చిక్కు. ఈ పేరు అసలు రూపం ‘నచికేతస్’. నిఘంటువులో ఆ సకారంతో కలిపి వెతకండి. కనబడలేదని కంగారుపడి నచి, కేతు అంటూ సొంతంగా ముక్కలు చేసుకోకండి. విరిచిన ప్రతి ముక్కకూ విడిగా అర్థం దొరకాలి. ఒక్కటి దొరక్కపోయినా ఆ విరుపు తప్పే. ‘రేయాంశ్’నే చూడండి. సూర్యకిరణంలో భాగం అంటారు. అంశ సంస్కృతమే, మరి ముందున్న రే? అది కిరణానికి ఇంగ్లిష్ మాట. తెలుగువాడి చెవికి రేయి అంటే రాత్రి. గట్టిగా పిలిస్తే "రేయ్!" అని కసిరినట్టు ఉంటుంది.

4. ఎంతమందికి ఉందో చూడండి

మన దేశంలో ఏటా ఏ పేరు ఎందరికి పెట్టారో చెప్పే అధికారిక జాబితా లేదు. అమెరికాలో పుట్టే పిల్లలకైతే అక్కడి సోషల్ సెక్యూరిటీ విభాగం 1880 నుంచి లెక్కలు ఇస్తోంది, ఒక ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేర్లు అందులో కనబడవు. మనకు దిక్కు పేరున్నవాళ్లే. 1999 కార్గిల్ యుద్ధంలో మిగ్-27 నుంచి దూకి పాకిస్తాన్‌కు చిక్కి, కొద్ది రోజులకు తిరిగొచ్చిన పైలట్ కంభంపాటి నచికేత. బెంగాల్లో గాయకుడు నచికేత చక్రవర్తి. అరుదైన పేరంటే ఇలా ఉండాలి: వినగానే గుర్తుపట్టాలి, క్లాసులో ఇంకొకడు ఉండకూడదు.

5. గట్టిగా పిలిచి చూడండి

నాలుగక్షరాలు దాటిన పేరు పెట్టొద్దు. ఇది సరిగ్గా నాలుగు. ఉత్తరాదివాళ్లు నచికేత్ అంటారు, మనకు నచికేతే సరి. చివర అకారం చూసి అమ్మాయి పేరనుకునేవాళ్లు ఒకరిద్దరు తగులుతారు, పట్టించుకోకండి. ముద్దుపేరు మాత్రం మీరే ముందుగా పెట్టుకోండి. నేనెరిగిన ఒక నచికేత ఇంటిల్లిపాదికీ ‘చిక్కీ’ అయిపోయాడు.

అనూరాధ నక్షత్రమైతే ‘న’ ఎలాగూ కలిసొస్తుంది. కాకపోయినా టెన్షన్ పడకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించుకోవచ్చు, 12 నెలల్లోపు పేరు రాయిస్తే రుసుము కూడా ఉండదు. కార్డులు అచ్చుకిచ్చే ముందు మాత్రం మూడో అడుగు ఇంకోసారి చదవండి.