ఏతానికి వడిసెల కడితే ట్రెబుషే

మావాడికి ఇక్కడ ఇంగ్లండ్‌లో ఏడో తరగతి చరిత్రలో కోటలూ ముట్టడులూ వచ్చాయి. గోడల మీదికి రాళ్లు విసిరే ట్రెబుషే నమూనా ఒకటి చేసుకురమ్మన్నారు. నాకు టెన్షన్. విజయనగరం నుంచి వచ్చిన మా నాన్న పుస్తకంలో బొమ్మ చూసి, "ఇది మన ఏతమే కదమ్మా! చేద ఉండాల్సిన చోట వడిసెల కట్టారంతే" అన్నారు. ఆ మాటతో సగం పని అయిపోయింది.

పొట్టి కొసకు బరువు, పొడుగు కొసకు వడిసెల. బరువు కిందికి పడితే పొడుగు కొస పైకి లేస్తుంది, వడిసెల గిర్రున తిరిగి రాయిని వదిలేస్తుంది. మొదట్లో ఆ పొట్టి కొసను మనుషులే తాళ్లు పట్టి లాగేవారు. తర్వాత ఆ తాళ్ల స్థానంలోకి బరువుల పెట్టె వచ్చింది. 1304లో స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ కోటను ముట్టడించినప్పుడు ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ బరువుల కోసం చర్చిల పైకప్పుల సీసం ఊడబీకించాడు.

మాకు జిమ్‌లో వాడే 1.25 కిలోల బిళ్ల చాలింది. దూలానికి 2 సెం.మీ. మందమున్న 50 సెం.మీ. చెక్క తీసుకోండి. ఒక కొస నుంచి 10 సెం.మీ. దగ్గర రంధ్రం చేసి, 6 మి.మీ. ఇనుప కడ్డీ దూర్చండి. మొదట సన్నటి చెక్క వాడితే రెండో విసురుకే రంధ్రం దగ్గర పుటుక్కుమంది. మందం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. కడ్డీ ఆనడానికి అటూ ఇటూ నిలువు చట్రాలు, నేల నుంచి 32 సెం.మీ. ఎత్తున. కడ్డీకి రెండు చుక్కలు కొబ్బరినూనె. బిళ్లను పొట్టి కొసకు తాడుతో వేలాడదీసి, ఊగినప్పుడు కిందా పక్కలా తగలడం లేదని చూసుకోండి.

ఇక వడిసెల. అసలు కథంతా ఇక్కడే. అరచేతిలో సగమంత గుడ్డముక్కకు రెండువైపులా 35 సెం.మీ. దారాలు కట్టండి. ఒక దారాన్ని దూలం కొసకు ముడివేయండి. రెండో దారానికి చిన్న రింగు కట్టి, దూలం చివర కొట్టిన తలలేని మేకుకు ఊరికే తగిలించండి. ఈ రింగు జారినప్పుడే గుండు బయటికి పోతుంది. వడిసెలను చట్రం కింద నున్నటి చెక్క మీద, బరువు వైపుకు పరిచి గుండు పెట్టండి. పొడుగు కొసను కిందికి వంచి ఒక మేకుతో ఆపి, ఆ మేకుకు పొడవాటి దారం కట్టి దూరం నుంచి లాగండి.

ఎదురుగానే కాదు, వెనకాల కూడా ఎవరూ నిలబడకూడదు. మా మొదటి గుండు వెనక్కే వచ్చి నాన్న టీ కప్పు పక్కన పడింది. "కోట అటుందిరా" అన్నారు మనవడితో.

గుండు నిట్టనిలువుగా లేచినా, వెనక్కి వచ్చినా రింగు తొందరగా జారుతోందని అర్థం. దూలం చివరి మేకును విసిరే దిక్కుకు కొంచెం వంచండి. ఎదురుగా దగ్గర్లోనే నేలను కొడితే ఆలస్యంగా జారుతోంది. మేకును నిటారు చేయండి. ప్రతిసారీ ఆవగింజంత మార్పే చేయండి. మేకూ దారం పొడుగూ ఒకేసారి మార్చామా, ఏది పనిచేసిందో తెలిసి చావదు.

గుండుకు గట్టిగా కలిపిన గోధుమపిండి వాడాం. బిళ్ల బరువులో దాదాపు నూరో వంతు, అంటే 12 గ్రాములు. ఉసిరికాయంత ఉంటుంది. పొడిపిండిలో దొర్లించకపోతే గుడ్డకు అంటుకుంటుంది. అన్నీ వంటింటి కాటాలో తూచండి. ఇది చాదస్తం కాదు. ఒకే చోట మళ్లీమళ్లీ కొడితేనే గోడ పడేది, రాళ్ల బరువులో తేడా వస్తే దెబ్బ వేరే చోట పడుతుంది. అందుకే ఆ రోజుల్లో రాళ్లను గుండ్రంగా చెక్కించేవారు.

గోడకు అగ్గిపెట్టెలు పేర్చాం. స్టిర్లింగ్‌లో ఎడ్వర్డ్ వార్‌వుల్ఫ్ అనే పెద్ద ట్రెబుషే చేయించాడు. అది తయారయ్యేసరికి లోపలివాళ్లు లొంగిపోతామన్నారు. రాజు ఒప్పుకోలేదు, ముందు దాంతో కోటను కొట్టించాకే లొంగుబాటు తీసుకున్నాడు. మావాడిదీ అదే వరస. పదకొండో గుండుకు గోడ కూలింది. చీకటి పడింది, అన్నానికి రమ్మంటే, ఇంకో మూడు గుండ్లున్నాయి, అయ్యాకే వస్తానన్నాడు.