పొద్దుతిరుగుడు కుటుంబం మనమే చదువుకుందాం – 4వ పాఠం: ముందు కీలం, తర్వాత పేరు

పోయిన పాఠంలో గడ్డిచామంతి పువ్వు తెంపి విడదీశాం కదా, అది ఒక్క పువ్వు కాదు బోలెడు చిన్నపూలు కలిసి కట్టుకున్న తల అని చూశాం, చుట్టూ ఆకుపచ్చ పుచ్ఛాలు (తలని కింద నుంచి పట్టుకునే ఆకుల్లాంటివి), అంచున నాలుగైదు కిరణపుష్పకాలు, మధ్యలో పసుపు బింబపుష్పకాలు, ఒక్కోదాని పక్కన సన్నటి పొలుసు, కింద ఈకల్లాంటి కేశగుచ్ఛం, అన్నీ తెల్లకాగితం మీద పేర్చి బొమ్మ వేసుకున్నాం. ఆ పని చెయ్యనివాళ్ళు దయచేసి ముందు అది చేసి ఇక్కడికి రండి, ఎందుకంటే ఈ రోజు ఇంకొంచెం లోపలికి వెళ్తున్నాం, మధ్యపువ్వు లోపల ఉన్న కీలం దాకా, అంటే పువ్వు ఆడభాగంలో పైకి లేచే సన్నటి కాడ దాకా.

ఈ పాఠానికి రెండు మొక్కలు కావాలి. ఒకటి గరిటకమ్మ, సహదేవి అని కూడా అంటారు, రోడ్డు పక్కన, కాలేజీ గ్రౌండుల్లో, ఇంటి గోడ వారన ఎక్కడైనా దొరుకుతుంది, సన్నగా నిలబడి కొమ్మల చివర చిన్న చిన్న ఊదారంగు తలలు ఉంటాయి. రెండోది అజరేటం, పూర్తిపేరు అజరేటం కోనిజాయిడిస్, తోటల్లో, పొలంగట్ల మీద కాస్త తేమ ఉన్న చోట పెరుగుతుంది, ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది, దీని తలలు కూడా చిన్నవే, లేత ఊదా లేదా తెలుపు. రెండింట్లోనూ కిరణపుష్పకాలు లేవు, అన్నీ మధ్యపూలే. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల బిడ్డల్లా కనిపిస్తాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు రెండింటినీ ఒకే గుంపులో వేసేస్తారు. నిజానికి ఈ కుటుంబంలో ఇవి వేరే వేరే తెగలు, గరిటకమ్మది వెర్నోనియే, అజరేటానిది యూపటోరియే. ఆ తేడా ఎక్కడుందో మన కళ్ళతో మనమే చూడటం ఈ రోజు పని.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పదిరెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, కొత్త బ్లేడు, రెండు గుండుసూదులు, తెల్లకాగితం, ఒక చుక్క నీళ్ళు. ఫోన్‌లో మాక్రో ఉంటే ఫోటో తీసుకోండి కానీ ఫోటోకి ముందు పెన్సిల్‌తో బొమ్మ వెయ్యండి, బొమ్మ వేస్తేనే కన్ను ప్రతి అంచు దగ్గరా ఆగుతుంది. పొద్దున్నే తెచ్చిన తాజా తలలు మంచివి, వాడిపోతే కీలం ముడుచుకుపోయి ఏమీ అర్థం కాదు.

తలని బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చండి. ఇప్పుడు ఒక విషయం గమనించండి, ఈ పూలు బయటి వరస నుంచి లోపలికి విచ్చుకుంటూ వస్తాయి, అంటే నడిమధ్యలో ఇంకా మొగ్గలు ఉంటాయి, దాని చుట్టూ అప్పుడే విచ్చుకున్నవి, అన్నిటికన్నా బయట పూర్తిగా ముదిరినవి. ఒక్క తలలోనే పువ్వు వయసులన్నీ వరసగా దొరుకుతాయన్నమాట. మధ్యలోది ఒకటి, అంచులోది ఒకటి సూదితో లాగి నీటిచుక్కలో పెట్టండి.

పూర్తిగా విచ్చుకోని పువ్వుని సూదితో నిలువునా చీలిస్తే లోపల ఐదు పరాగకోశాలు పక్కపక్కన అతుక్కుని ఒక గొట్టంలా కనిపిస్తాయి. ఈ గొట్టం ఈ కుటుంబానికి దాదాపు సంతకం, 1735లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ తన వర్గీకరణలో వీటికి సింజెనీషియా అనే తరగతి ఇచ్చింది కూడా ఈ అతుకుని చూసే. పుప్పొడి ఆ గొట్టం లోపలివైపుకే రాలుతుంది. కింద నుంచి కీలం పొడుగవుతూ సిరంజిలో పిస్టన్ లాగా ఆ పుప్పొడిని పైకి తోసేస్తుంది, తోసేసి బయటికి వచ్చాక అప్పుడు కొస రెండుగా చీలి చేతులు చాపుతుంది, వేరే పువ్వు నుంచి పుప్పొడి అందుకోవటానికి. ముందు ఇవ్వటం, తర్వాత తీసుకోవటం. కాబట్టి ఆ రెండు చేతులు, వాటి మీద నూగు, ఆ నూగు ఎంత కిందిదాకా ఉంది, కొస మొద్దా సూదా, ఇవన్నీ అలంకారం కోసం ఉన్నవి కాదు, పుప్పొడిని తోసే పనికి సంబంధించినవి, అందుకే ఒక్కో తెగలో ఆ పని ఒక్కో తీరులో స్థిరపడిపోయింది.

ఇప్పుడు గరిటకమ్మలో అంచుపువ్వు తీసి కీలం చూడండి. చేతులు సన్నగా పొడుగ్గా కొసకి పోనుపోను సూదిగా అవుతాయి, వాటి వీపు మీద నూగు ఉంటుంది, ఆ నూగు చీలిన చోటుతో ఆగకుండా కింద కీలం కాడ మీదకి కూడా కొంత దిగుతుంది. బాగా చూడండి, ఈ కిందికి దిగటమే ముఖ్యం. తర్వాత అజరేటం తీయండి, ఇక్కడ చేతులు పూరేకుల్లోంచి బాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, తల మీద దూది పోగుల్లా కనిపించేవి అవే, భూతద్దం కింద చూస్తే కొసవైపు లావెక్కి మొద్దుగా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే ఇంక జన్మలో కలగాపులగం చెయ్యరు.

సాక్ష్యం ఒక్కచోటే ఉండకూడదు కాబట్టి ఇంకో రెండు చూడండి. గరిటకమ్మ గింజ మీద కేశగుచ్ఛం రెండు వరసలు, లోపల పొడుగు తెల్లవెంట్రుకలు, బయట పొట్టివి. అజరేటంలో వెంట్రుకలు ఉండవు, కొసదేలిన ఐదు చిన్న పొలుసులు ఉంటాయి. గరిటకమ్మ ఆకులు ఒకటి విడిచి ఒకటి, అజరేటంలో కింది ఆకులు ఎదురెదురుగా. ఆకు ఒక్కటే చూసి తెగ చెప్పే అలవాటు మాత్రం చేసుకోకండి, అది తోడు సాక్ష్యం అంతే.

కీలం చూసి తెగలు కట్టొచ్చు అని లోకానికి చూపించినవాడు హెన్రీ కాసిని. 1781లో పారిస్‌లో పుట్టాడు, తండ్రి తాత ముత్తాతలు నాలుగు తరాలు పేరుమోసిన ఖగోళ శాస్త్రవేత్తలు, ఈయన మాత్రం లా చదివి జడ్జిగా పనిచేస్తూ మిగిలిన టైమంతా ఈ ఒక్క కుటుంబం మీదే పెట్టాడు. 1812 నుంచి కీలాల మీద, కేసరాల మీద, పూరేకుల మీద వరసగా పేపర్లు రాసి దాదాపు ఇరవై తెగలు గుర్తించాడు, మనం ఈ రోజు వాడే వెర్నోనియే, యూపటోరియే లాంటివి ఆయన గీసిన గీతలే. 1832లో పారిస్‌లో కలరా వచ్చినప్పుడు పోయాడు. ఆయన రాసింది చాలావరకు ఒక పెద్ద విజ్ఞాన నిఘంటువులో అక్షరక్రమంలో చెల్లాచెదురుగా ఉండిపోవటం వల్ల చాలాకాలం దక్కాల్సినంత గౌరవం దక్కలేదు, నా మటుకు నాకు ఈ కుటుంబానికి అసలు గురువు ఆయనే, ఎందుకంటే డీఎన్ఏ అనే మాట లేని రోజుల్లో మామూలు భూతద్దంతో ఆయన గీసిన గీతల్లో చాలా వాటిని తర్వాత వచ్చిన డీఎన్ఏ పనులు చెరపలేదు.

ఇక పేరు సంగతి. గరిటకమ్మ పేరు పుస్తకాల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది, కోనిజా సినేరియా, వెర్నోనియా సినేరియా, సయాంథిలియం సినేరియం. ఆయుర్వేదం పేపర్లలో ఎక్కువగా రెండోది, కొత్త ఫ్లోరాల్లో (ఒక ప్రాంతం మొక్కలన్నిటి వివరాలుండే పుస్తకాల్లో) మూడోది. ఎందుకు మారుస్తుంటారు వీళ్ళకి పనిలేదా అని విసుక్కునేవాళ్ళు చాలామంది, వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఇందులో రెండు వేరే వేరే పనులున్నాయి, వాటిని కలిపెయ్యకండి. ఏది ఏ గుంపులో ఉండాలి అనేది మొదటి పని, అది కీలం, గింజ, క్రోమోజోములు, డీఎన్ఏ లాంటి సాక్ష్యాలతో నడుస్తుంది, అక్కడ ఇద్దరు శాస్త్రవేత్తలకి నిజాయితీగానే అభిప్రాయభేదం ఉండొచ్చు. గుంపు తేలాక దానికి ఏ పేరు చెల్లుతుంది అనేది రెండో పని, అది అంతర్జాతీయ నియమావళి ప్రకారం నడుస్తుంది, అక్కడ ఇష్టాయిష్టాలకి చోటు చాలా తక్కువ.

దీన్ని గరిటకమ్మ మీదే చూద్దాం. పూర్తిపేరు ఇలా రాస్తారు: సయాంథిలియం సినేరియం (ఎల్.) హెచ్.రాబ్. బ్రాకెట్‌లో ఉన్న ఎల్. అంటే లినేయస్, 1753లో ఈ మొక్కకి కోనిజా సినేరియా అని మొదట పేరు పెట్టినవాడు. బ్రాకెట్ బయట ఉన్నది హెరాల్డ్ రాబిన్సన్, అమెరికాలో స్మిత్‌సోనియన్‌లో పనిచేసినాయన, 1990లో దీన్ని ఇప్పటి జీనస్‌లోకి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, పేరులో మొదటి మాట అదే) తెచ్చినవాడు. మధ్యలో 1829లో లెస్సింగ్ అనే జర్మన్ దీన్ని వెర్నోనియాలోకి తెచ్చాడు, అందుకే ఆ పేరు వెనక (ఎల్.) లెస్. అని ఉంటుంది. బ్రాకెట్ కనపడితే చాలు, ఈ మొక్క ఒక ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి వచ్చింది అని అర్థం చేసుకోవాలి. బ్రాకెట్ లేకపోతే, ఉదాహరణకి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ ఎల్., అంటే మన గడ్డిచామంతి 1753లో ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది.

మరి వెర్నోనియా నుంచి ఎందుకు తీశారు? వెర్నోనియా ఒకప్పుడు వెయ్యి జాతుల దాకా పోగుపడిన జీనస్, రెండు అమెరికాలవి, ఆఫ్రికావి, మనవి అన్నీ అందులోనే. అమెరికా వాటిలో క్రోమోజోముల మూలసంఖ్య 17, మనవైపు వాటిలో 9 గానీ 10 గానీ. తర్వాత డీఎన్ఏ చూసినా ఇటువైపువి అటువైపువి వేరే కొమ్మలుగానే వచ్చాయి. సరే, విడదీయాలి, కానీ వెర్నోనియా అనే పేరు ఎవరికి మిగలాలి? ఇక్కడ ఓటింగ్ లేదు. ప్రతి పేరూ ఒక టైపుకి, అంటే ఆ పేరుకి ఆధారంగా నిలిపిన నమూనాకి కట్టేసి ఉంటుంది, వెర్నోనియా పేరు కట్టేసి ఉన్నది ఉత్తర అమెరికా తూర్పువైపు మొక్క వెర్నోనియా నోవెబోరాసెన్సిస్‌కి, కాబట్టి పేరు అమెరికా గుంపుతోనే పోయింది. మన గరిటకమ్మ ఉన్న చిన్న గుంపుకి అప్పటికే 1826లో బ్లూమ్ అనే ఆయన పెట్టిన సయాంథిలియం అనే పేరుంది, దాన్నే బయటికి తీశారు. మన అడవిజీలకర్ర కూడా ఇలాగే వెర్నోనియా వదిలి బక్కరాయిడిస్ అయింది, అది 1794 నాటి పేరు. కొత్తగా కనిపించే పేర్లు చాలాసార్లు పాతవే.

ఇంకా ఎవరైనా వెర్నోనియా సినేరియా అని రాస్తే తప్పు రాశారని కొట్టెయ్యకండి. జీనస్‌ని పెద్దగా పట్టుకునేవాళ్ళకి ఆ పేరు నియమం ప్రకారం చెల్లుతుంది. మీ నోట్‌బుక్‌లో మాత్రం రెండూ రాసుకోండి, పాత సాహిత్యం వెతకాలంటే పాతపేరే తాళంచెవి.

రెండో పని ఎంత కచ్చితంగా ఉంటుందో చెప్పటానికి గుంటగలగర చాలు. లినేయస్ ఒకే 1753 పుస్తకంలో దీనికి రెండు పేర్లు పెట్టాడు, రెండు మొక్కలనుకుని, వెర్బెసినా ఆల్బా అని ఒకటి, వెర్బెసినా ప్రోస్ట్రాటా అని ఇంకోటి. తర్వాత రెండూ ఒకటే అని తేలింది. పాతదే గెలుస్తుంది అందామంటే రెండూ ఒకేరోజు పుట్టాయి. అలాంటప్పుడు ఆ రెండింటినీ మొదట కలిపినవాళ్ళు ఏ పేరు ఎంచుకుంటే అదే నిలుస్తుంది అని నియమం, ఆ లెక్కన నిలిచింది ప్రోస్ట్రాటా, అందుకే ఇప్పుడు ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. నూనె సీసాల మీద మాత్రం ఇంకా ఎక్లిప్టా ఆల్బా కనిపిస్తుంది.

కొత్త జాతికి పేరు పెట్టేవాళ్ళకి ఇంకొన్ని షరతులున్నాయి, త్వరగా చెప్పేస్తాను. 1958 నుంచి టైపు ఏదో చెప్పి తీరాలి, 1990 నుంచి ఆ టైపు ఏ హెర్బేరియంలో (ఎండు మొక్కలు దాచే చోట) ఉందో కూడా రాయాలి, వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నియమం 2012లో సడలి ఇంగ్లీషు కూడా చెల్లుతోంది. మన దేశంలో టైపులు చూడాలంటే హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియం, కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం పెద్ద దిక్కు, లండన్‌లో ఉన్న లినేయస్ సొంత షీట్లు అయితే ఇంట్లో కూర్చుని నెట్‌లో చూడొచ్చు, తప్పకుండా ఒకసారి చూడండి, రెండున్నర శతాబ్దాల కిందటి ఎండు మొక్క కొమ్మ అలాగే ఉంటుంది.

ఇక మీ పని. అరకు వైపు ఉన్నవాళ్ళు నవంబర్ డిసెంబర్‌లో వలిసెల పూలు దొరికితే ఒక తల తెచ్చి గడ్డిచామంతి పక్కన పెట్టి విప్పండి. రెండింట్లోనూ పొలుసులు ఉంటాయి, కానీ వలిసెల గింజకి కేశగుచ్ఛం ఉండదు, అయినా ఇప్పటి వర్గీకరణలో రెండూ మిల్లెరియే అనే ఒకే తెగ, కాబట్టి ఒక్క లక్షణం పోయినంత మాత్రాన చుట్టరికం పోదని మీ చేతుల్లోనే తెలుస్తుంది. దాని పేరు గైజోషియా అబిసినికా (ఎల్.ఎఫ్.) కాస్., 1829. ఎల్.ఎఫ్. అంటే లినేయస్ కొడుకు, కాస్. అంటే మనం పైన చెప్పుకున్న కాసినియే. బ్రాకెట్ చూసి ఈ మొక్క కథ రెండు వాక్యాల్లో మీరే రాయండి.

మిగతావాళ్ళు మీ వీధిలో దొరికే ఏ మూడు మొక్కలైనా తీసుకుని కీలం, కేశగుచ్ఛం, పొలుసులు, ఆకుల అమరిక బొమ్మలు వేసి, ఆ తర్వాతే ఫోన్ యాప్‌లో చూడండి, యాప్ పేరు మీ బొమ్మకి సరిపోకపోతే బొమ్మనే నమ్మండి. వయ్యారిభామని మాత్రం ఒట్టి చేతుల్తో ముట్టుకోకండి, చర్మానికి దద్దుర్లు వస్తాయి, గ్లవ్స్ వేసుకునే విప్పాలి, దానిలో గింజ కట్టేవి అంచున ఉన్న ఐదు పూలు మాత్రమే, మధ్యవి మగపూలు.

వచ్చే పాఠం తలలో తల గురించి. బోడసరం ఒకటి సంపాదించండి, కుదిరితే వరిమళ్ళ పక్కన తడినేలలో సీసులియా ఆక్సిల్లారిస్ కూడా, సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరం మొక్కలన్నీ చదివిన విలియం రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు అది. దానిలో ఒక్కో చిన్న తలకి ఒక్కటే పువ్వు, రెండే పుచ్ఛాలు, అలాంటివి చాలా కలిసి మళ్ళీ ఒక పెద్ద తల. తెచ్చాక నలగకుండా పాత పేపర్ మధ్య పెట్టి, ఒకటి రెండు తలలు మాత్రం తడిగుడ్డలో చుట్టి ఉంచండి, విప్పటానికి తాజావే కావాలి.