తెల్లబడే క్రీమ్‌లో ఏముందో పట్టుకోవడం ఎలా

వారం పది రోజుల్లోనే ముఖం తేటపడి, మొటిమలు మాయమై, చర్మం అద్దంలా మెరుస్తుంటే ఆ క్రీమ్‌ను అనుమానించాలి. మామూలు కాస్మెటిక్స్‌కు అంత వేగం ఉండదు. 5 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) ఉన్న క్రీమ్‌కైనా తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అంతకన్నా బాగా ముందే రంగు మారిందంటే ముందు గుర్తు రావాల్సినవి రెండు: స్టీరాయిడ్ (వాపును, ఎరుపును అణిచే మందు), పాదరసం. మొదటిది చాలాసార్లు ట్యూబు మీదే అచ్చు వేసి ఉంటుంది, మనమే చదవం. రెండోదాన్ని మాత్రం దాచేస్తారు.

ట్యూబు చేతిలోకి తీసుకోగానే అది మందా, కాస్మెటికా అన్నది తేల్చుకోండి. ఆర్‌ఎక్స్ (Rx) గుర్తు, నిలువు ఎర్ర గీత, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటే అది మందే. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, పక్కింటావిడ వాడుతున్నా సరే. పూతగా వాడే 14 రకాల స్టీరాయిడ్లను 2018 మార్చిలో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా మెడికల్ షాపులో పేరు చెబితే చాలు, ఇచ్చేస్తూనే ఉన్నారు.

తర్వాత కాంపోజిషన్ అన్న చోట చదవండి. తరచూ కనిపించే మిశ్రమం ఇది: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మోమెటసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం. హైడ్రోక్వినోన్ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. నెలల తరబడి రాస్తే కొందరికి బుగ్గల మీద నీలి నలుపు మచ్చలు పడతాయి, వాటిని పోగొట్టడం చాలా కష్టం. ట్రెటినోయిన్ పై పొరను ఊడగొడుతుంది, ఎండకు చర్మం త్వరగా కందిపోతుంది. గర్భిణులు వాడకూడదు. మూడోది, మోమెటసోన్, స్టీరాయిడ్. రక్తనాళాలను కుదించి ఎరుపును, వాపును అణచడంతో ముఖం తెల్లగా అనిపిస్తుంది. మంగు మచ్చలకు ఇలాంటి మిశ్రమాన్ని స్కిన్ డాక్టర్లు రాస్తారు. రాత్రిపూట మాత్రమే, కొద్ది వారాలే, మధ్యలో చూపించుకుంటూ. రోజువారీ స్నోలా ఏళ్ల తరబడి పూసుకోవడమే చెడగొడుతోంది.

స్టీరాయిడ్ పేర్లను పోల్చుకోవడం కష్టం కాదు. బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్ లాంటివి ‘సోన్’తో ముగుస్తాయి. క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్, ట్రయామ్సినోలోన్ కూడా గుర్తుంచుకోండి. తామరకు షాపువాళ్లు ఇచ్చే ట్యూబుల్లోనూ ఫంగస్ మందుతో పాటు ఇవి కలిసి ఉంటాయి. రెండ్రోజుల్లో దురద పోతుంది, తామర మాత్రం లోపల్లోపల పాకుతుంది.

స్టీరాయిడ్‌ను ముఖానికి నెలలపాటు రాస్తే చర్మం పలచబడి సన్నటి ఎర్రటి నరాలు తేలతాయి, అవాంఛిత రోమాలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మండుతుంది. దీన్ని డాక్టర్లు స్టీరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అనే పేరుతోనే గుర్తిస్తారు. ఆపిన కొద్ది రోజులకే ఎర్రబడి, మంటలెత్తి, మొటిమలు విరుచుకుపడతాయి. ‘ఈ క్రీమ్ నాకు పడింది, మానితేనే పాడవుతోంది’ అనుకుని మళ్లీ మొదలుపెట్టేది ఇక్కడే. ఎన్నో నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా మానేసి ఇంట్లో కూర్చోకండి. ట్యూబుతో సహా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు. ఆలోగా వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ చాలు. నిమ్మరసం, వంటసోడా, స్క్రబ్ జోలికి పోవద్దు.

ఇక పాదరసం. రంగు, వాసన చూసి పట్టుకోలేం, కాబట్టి డబ్బాను చూడాలి. పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా లేకపోతే కొనకండి. విదేశీ సరుకైతే దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. గల్ఫ్ నుంచి చుట్టాలు తెచ్చిన డబ్బాలకు, పార్లర్లలో చేతికిచ్చే పేరులేని డబ్బీలకు ఇవేవీ ఉండకపోవచ్చు. కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యూరిక్ అయోడైడ్ అన్న పేర్లన్నీ పాదరసమే. ‘బంగారం, వెండి, అల్యూమినియం నగలకు తగలనివ్వకండి’ అని రాసి ఉంటే అది గట్టి ఆధారం, ఎందుకంటే పాదరసం ఆ లోహాలను పట్టుకుంటుంది.

మన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం పాదరసం కలపకూడదు. కంటికి వాడేవి మినహా మిగతావాటిలో పొరపాటున చేరినా పది లక్షల భాగాల్లో 1 భాగం దాటకూడదు. దీని దెబ్బ పడేది కిడ్నీల మీద. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021–23 మధ్య మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిలో 15 మందికి ఆ జబ్బులోనే నెల్-1 (NELL-1) అనే అరుదైన రకం బయటపడింది. ఆ 15లో 13 మంది తెల్లబడే క్రీమ్ వాడినవాళ్లే. పాదాల వాపు, పొద్దున కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో తగ్గని నురగ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం కనిపిస్తే క్రీమ్ ఆపి, మూత్రంలో ప్రోటీన్, పాదరసం పరీక్షలు చేయించుకోండి. డాక్టరుకు క్రీమ్ సంగతి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగకండి. పాదరసం ఆవిరిగానూ, తువ్వాళ్లు, దిండు గలీబుల ద్వారానూ పిల్లలకూ చేరుతుంది.

క్రీమ్ పాడవకుండా కలిపే పారబెన్‌లంటే చాలామందికి భయం. నా లెక్కలో ఆ భయంలో సగం పర్‌ఫ్యూమ్ మీద, మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే మరో నిల్వ పదార్థం మీద పెట్టడం మేలు, ఎలర్జీ తెప్పించేవి ఇవే ఎక్కువ. కడగకుండా వదిలేసే క్రీముల్లో ఈ రెండోదాన్ని యూరప్ 2017 నుంచి ఆపేసింది. కొత్త క్రీమ్ ఏదైనా మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాసి చూడండి. ఒక్కరోజు పరీక్ష చాలదు, ఎలర్జీ మెల్లగా తేలుతుంది.

అనుమానం ఉన్న డబ్బాను సింకులో పోయకండి. జిప్ కవర్‌లో బిగించి, బిల్లుతో పాటు దాచి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదుతో ఇవ్వండి.